మోలుపె పెట్టిన రాళ్ళు

మోలుపెకు ఈ లోకంలో నమ్మకమంటూ ఉంటే అది ఒక్క తన వ్యాను మీదే. అదీ పూర్తిగా కాదు. పొద్దున్నే తాళం తిప్పే ముందు బానెట్ ఎత్తి, రాత్రికి రాత్రి ఎవరైనా ఏమైనా పీక్కుపోయారేమోనని ఓసారి తడిమి చూసుకుంటాడు. రొట్టెల కొట్టువాడు పిండిలో గాలి కలుపుతున్నాడని, పేపరువాళ్ళు సిరాలో నీళ్ళు పోసి అచ్చేస్తున్నారని, అందుకే అక్షరాలు మునుపటంత నల్లగా ఉండడం లేదని అతని గట్టి అభిప్రాయం. ఈ మధ్య బల్బులు చేసేవాళ్ళ మీదా కన్నుపడింది. పాతరోజుల బల్బు ఎంత వెలుగిచ్చేది, ఇప్పటివి ఎంతిస్తున్నాయి! యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇరవై ఆరేళ్ళుగా బుథా-బుథే స్టాండు నుంచి మోతెంగ్ కనుమ మీదుగా మొఖోత్లోంగ్‌కి మనుషుల్ని చేరవేస్తున్నాడు, ఒక్కణ్ణీ లోయలో పారేయలేదు. అలాంటి మనిషి ఎవర్ని అనుమానించినా చెల్లుతుందని అతని లెక్క.

జులై నెలలో ఒక గురువారం. అక్కడ జులై అంటే నడి శీతాకాలం. పొద్దున్నే వంటింట్లో రేడియో మోగుతోంది. భార్య మాతెబెలో మొక్కజొన్న సంకటి కలుపుతూ దాని గొంతు పెంచింది.

"ఈశాన్య కొండ ప్రాంతాలకు వాతావరణ సూచన. ఈ ఉదయం కనుమలలోని నీడపట్టు మలుపుల వద్ద రోడ్డుపై గడ్డమంచు ఉండవచ్చు. మధ్యాహ్నం తరువాత ఎత్తైన చోట్ల మంచు కురిసే అవకాశం ఉంది. అత్యవసరమైతే తప్ప ప్రయాణం మానుకోండి. వెళ్ళక తప్పనివారు జాగ్రత్తగా వెళ్ళండి."

మానుకోమనీ చెబుతారు, వెళ్ళమనీ చెబుతారు. రేపు ఎటు తిరిగి ఏమైనా మేం ముందే చెప్పాం అనొచ్చు. ఈ గోడమీద పిల్లివాటం మోలుపెకు చిన్నప్పటినుంచీ ఒంటికి పడదు.

"విన్నారా న్తాతె? మానుకోమంటున్నారు," అంది మాతెబెలో. మగవాళ్ళను న్తాతె అని, ఆడవాళ్ళను మ్మే అని పిలవడం అక్కడి మర్యాద.

"వెళ్ళమని కూడా అన్నారు. ఆ ముక్క వచ్చేసరికి నీ చెవులు మూసుకుపోయాయా?"

"ఇవాళ స్టాండు వరసలో మీ వంతు ఎన్నోది?"

"ఎందుకు?"

"ఊరికే అడిగాను."

ఊరికే! జూన్ నెల నుంచీ కొండెక్కే ప్రతి రోజూ పొద్దున్నే ఈ ఊరికే ఒకటి వింటున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ వరస సంగతి పట్టని ఆడమనిషికి ఇప్పుడెందుకు పట్టింది? మోలుపె సంకటి నములుతూ ఆమెవంక ఓరగా చూశాడు. ఆమె గరిటె మీదనుంచి చూపు ఎత్తలేదు. ఇంటి పైకప్పు రేకులు బిగించమని రెండు నెలలుగా పోరుతోంది కదా, తను ఇంట్లో పడి ఉంటే ఆ పని అయిపోతుందని ఆశ కాబోలు అనుకున్నాడు. అనుకుని, కంబళి భుజాన వేసుకుని, గోడమీద క్యాలెండరులోంచి జూన్, జులై కాగితాలు రెండూ చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ కాగితాల మీద తేదీల చుట్టూ మూడు సున్నాలున్నాయి. మోలుపె గుండెలో దిగబడిన మేకులు మూడూ అవే.

సంగతేమిటంటే, కొండదారి బండ్లు కనుమ కింద రోడ్డు పనివాళ్ళ శిబిరం గేటు దాటి పోవాలి. రోడ్డు బాగాలేకపోతే గేటు దించేస్తారు, వంతు పోయిన బండి వెనక్కి వస్తుంది, తరవాతి బండి కాచుకుంటుంది. ఒకే శీతాకాలంలో నాలుగుసార్లు గేటు దగ్గరనుంచి తిరిగొచ్చిన డ్రైవరును బండ్ల సంఘంవాళ్ళు కొండదారినుంచి తీసి కిందిదారిలో వేస్తారు. కిందిదారంటే బడికి పోయే పిల్లలు, కోళ్ళ గంపలు, ఫర్లాంగుకోసారి ఆగి ఎక్కించుకోవడాలు, దించుకోవడాలు. కొండ తోలినవాడికి అది కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెట్టడమే. మోలుపె ఈ ఏడు మూడుసార్లు తిరిగొచ్చాడు. నాలుగోది పడితే ఇరవై ఆరేళ్ళూ గంగలో కలిసినట్టే.

అంతకుముందు ఇరవై అయిదేళ్ళలో మొత్తం మీద మూడుసార్లు తిరిగొచ్చి ఉండడు. ఒక్క శీతాకాలంలో మూడా? మంచుకు అంత పగ ఉండదు. పగ మనుషులకే ఉంటుంది. ఆ మనిషెవరో కూడా మోలుపెకు తెలుసు. సెకాకె. వరసలో తన వెనకే ఉండే బండివాడు, ముప్పై అయిదేళ్ళ కుర్రకుంక. తన వంతు పోతే లాభపడేది వాడే. పైగా గేటు దించే మాపులెంగూ సెకాకె పెళ్ళామూ ఒకే ఊరివాళ్ళు, ఒకే చర్చిలో పాడేవాళ్ళు. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

అయినా సాక్ష్యం దొరికింది. మొన్న మంగళవారం ఎనిమిదింటికి "పైన అద్దం పట్టింది న్తాతె, పోనివ్వలేను" అని మాపులెంగ్ గేటు దించింది. రోడ్డు మీద పలచగా పేరుకుని కంటికి ఆనని గడ్డను డ్రైవర్లు అద్దం అంటారు. మోలుపె తిరిగొచ్చి, ఊరుకోలేక, కనుమ మీద టీకొట్టు నడిపే ఆవిడకు ఫోను చేశాడు. "సెకాకె ఇప్పుడే రెండు వేయించిన పిండి ఉండలు తిని పోయాడు న్తాతె, నాలుగు తినమన్నా వినలేదు," అందావిడ అమాయకంగా. గడియారం తొమ్మిది దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. గేటు నుంచి టీకొట్టుకు ముప్పావుగంట దారి. అంటే తను వెనక్కి తిరిగిన పావుగంటకే గేటు లేచింది!

అందుకే ఇవాళ మోలుపె బండి తోలడానికి రావడం లేదు, దొంగను పట్టుకోవడానికి వస్తున్నాడు.

గేటు దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గడ్డి మీద నూగు మంచు తప్ప ఎక్కడా ఏమీ లేదు. గేటు మాత్రం దిగి ఉంది. కంబళి మీద నారింజరంగు కోటు తొడుక్కుని మాపులెంగ్ గదిలోంచి బయటకు వచ్చింది. వాతావరణ ఆఫీసుకు పొద్దున్నే ఫోను చేసి అక్కడివాళ్ళు చెప్పింది రాసుకుని గది తలుపుకు అంటించడం ఆమె పని. ఆ కాగితం ఇవాళా అంటించే ఉంది.

మోలుపె బండి దిగాడు.

"దించేశావా మ్మే?"

"నేనెవర్ని న్తాతె దించడానికి? పైన అద్దం పట్టింది."

"మంగళవారం కూడా అద్దమే పట్టింది. నేనిటు తిరిగానో లేదో, సెకాకె బండి కింద కరిగిపోయింది. వాడు టైర్లలో పొయ్యి పెట్టుకు తిరుగుతున్నాడా?"

వ్యానులో ఎవరో కిసుక్కున నవ్వారు. పదమూడు మంది ఉన్నారు, అందరివీ చెవులే.

"అప్పటికి ఎండ వచ్చింది," అంది మాపులెంగ్.

"ఎనిమిదింబావుకి, నీడ మలుపులో ఎండ! ఇరవై ఆరేళ్ళుగా నాకు కనపడని సూర్యుణ్ణి నువ్వెక్కడ దాచిపెట్టావమ్మా?"

క్యాలెండరు కాగితాలు తీసి బానెట్ మీద పరిచాడు. చూపుడువేలితో ఒక్కో సున్నా పొడిచాడు. ఫలానా రోజు, తనను తిప్పి పంపింది. ఆ రోజే సెకాకె దాటాడు. ఫలానా రోజు, తనను తిప్పి పంపింది. ఆ రోజూ సెకాకె దాటాడు. మూడోసారీ అంతే. "రేడియో జాగ్రత్తగా వెళ్ళమంది. నీ తలుపు మీద కాగితం కూడా అదే అంటోంది. మరి నాకు మాత్రం ఎందుకు మూస్తున్నావు? అద్దం నా పేరు చూసి పడుతోందా?"

మాపులెంగ్ ఆ కాగితాల వంక చూడలేదు. మోలుపె కళ్ళల్లోకి ఒక్క క్షణం చూసి, చూడకూడనిదేదో చూసినట్టు తల వాల్చేసి, వ్యాను ముందు టైరు వంక చూస్తూ నిలబడింది. దొరికిపోయిన మొహమంటే అదే. మోలుపెకు ఒళ్ళంతా పులకరించింది. ఇన్నాళ్ళ అనుమానం ఊరికే పోలేదన్న సంతోషం ముందు చలి కూడా తెలియలేదు.

వ్యానులోంచి మాంఖాబు అవ్వ తల బయటపెట్టింది. మొఖోత్లోంగ్‌లో కూతురు కని మూడు రోజులైంది, ఈవిడ పోతేగాని గంజి కాచి పోసే దిక్కు లేదు.

"ఏమే పిల్లా, ఆ కర్ర ఎత్తవే! మధ్యాహ్నం మంచు పడితే వారంరోజులు ఈ దారి ఉండదు. నా కూతురికి నువ్వెళ్ళి స్నానం పోస్తావా?"

"ఒక్క నిమిషం అవ్వా," అని మాపులెంగ్ గదిలోకి పోయింది. ఫోను తీసింది. మోలుపె కిటికీ పక్కకు చేరాడు. గౌరవంగల మనిషి చేసే పని కాదు, కాని గౌరవంగా ఉండబట్టే మూడు సున్నాలు తెచ్చుకున్నాడు కదా.

"ఒప్పుకోవడం లేదు," అంటోందామె లోగొంతుకతో. "అవును, కాగితాలు కూడా పట్టుకొచ్చారు. పదిమందిలో... నేనేం చెయ్యను చెప్పు? సరే. సరే, చూపిస్తాను. ఏడవకు."

ఏడవకా? సెకాకె ఏడుస్తున్నాడా? ఏడవనీ. మోలుపె మీసం దువ్వుకున్నాడు.

మాపులెంగ్ బయటకు వచ్చింది. "సరే న్తాతె. ఇవాళ పైకి పోయే మొదటి బండి మీదే. నీడ మలుపులో రాళ్ళు పెట్టండి. రాళ్ళు పడ్డాక గేటు ఎత్తుతాను."

"అంత మాత్రానికి ఫోను దేనికి? పద."

నీడ మలుపు గేటు నుంచి కూతవేటు దూరం. పక్కన నిట్టనిలువు బండ, దాని నీడ శీతాకాలమంతా రోడ్డు మీదే పడి ఉంటుంది. అవతల పక్క లోయ. ఆ పూట మొదటి డ్రైవరు బండి దిగి ఆ మలుపంతా నడవాలి. అద్దం ఎక్కడ మొదలైందో అక్కడ అడ్డంగా ఒక వరస నల్లరాళ్ళు, ఎక్కడ ముగిసిందో అక్కడ ఇంకో వరస పెట్టాలి. వెనక వచ్చే బండ్లన్నీ ఆ రాళ్ళను చూసుకునే వేగం తగ్గిస్తాయి, బండవైపుకు ఒత్తుకుని పోతాయి. రాయి పెట్టినవాడి మాటను ఎవరూ మళ్ళీ సరిచూడరు. ఒకడు పెట్టిన రాయిని ఇంకొకడు ముట్టడు. ముడితే ఆ మనిషి మొహాన ఉమ్మినట్టే.

కొత్తవాళ్ళు కర్రతో పొడుచుకుంటూ, కాలితో రాస్తూ అద్దాన్ని వెతుకుతారు. మోలుపె వయసువాళ్ళకు అది నామోషీ. ముప్పై అడుగుల దూరంనుంచే చిన్న మెరుపును పట్టి ఇక్కడినుంచి ఇక్కడికి అని చూపగలిగినవాళ్ళు వాళ్ళు. జూన్ నెలలో కూడా మోలుపె అలాగే పెట్టాడు. ఆ రోజు వెనక వచ్చిన సెకాకె బండి జారి, ఒక చక్రం లోయ అంచున గాలిలో తేలింది. మోలుపె ఆ సాయంత్రం స్టాండులో అందరి ముందూ వాణ్ణి దులిపి ఆరేశాడు. "రాళ్ళు కనపడ్డాక కూడా తొక్కుకుంటూ వచ్చేవాడికి బండి కాదు, గాడిదనివ్వాలి" అన్నాడు. సెకాకె గడ్డి టోపీ చేతిలో పట్టుకుని తలొంచుకుని విన్నాడే గాని ఒక్క మాట తిరిగి అనలేదు. ఆ మౌనంలోనే పగ పుట్టిందని మోలుపె ఆ రోజే గుర్తుపెట్టుకున్నాడు.

ప్రయాణికులు కంబళ్ళు చుట్టుకుని వెనకాలే వచ్చారు. ఊరికే కూర్చుంటే చలి. మోలుపె మలుపు మొదట్లో ఆగి, కళ్ళు చిట్లించి, రోడ్డును ఈ చివరనుంచి ఆ చివరకు చూశాడు. ఈ ఏడు ఎందుకోగాని వెలుతురులోనే ఏదో తేడా ఉంది, అన్నీ పాలలో ముంచి తీసినట్టు కనిపిస్తున్నాయి. అద్దాలు తుడిచే సబ్బునీళ్ళలో కల్తీ అనుకున్నాడు గాని, ఇప్పుడు మధ్యలో వ్యాను అద్దం లేదు. ఆ ఆలోచన ఒకటి వచ్చి తాకింది. దాన్ని అక్కడే తోసేశాడు. బూడిదరంగు రోడ్డు మీద ఒకచోట నల్లటి పట్టీ కనపడింది. అదే. ఎంత స్పష్టంగా ఉంది!

వంగి రాళ్ళు ఏరాడు. పట్టీకి ఇవతల ఏడు రాళ్ళు, అవతల ఏడు రాళ్ళు వరసగా పేర్చాడు. చేతులు దులుపుకుని తిరిగాడు. అందరూ చూస్తున్నారు.

"ఏం, రాళ్ళు పెట్టడం ఎప్పుడూ చూడలేదా?"

మాంఖాబు అవ్వ గొంతు సవరించుకుంది. "ఎంత పొందిగ్గా పెట్టావు నాయనా. దారం పట్టి పేర్చినట్టున్నాయి."

ఆ పొగడ్త ఎక్కడో మోటుగా తగిలింది. గేటు ఎత్తవే అని ఇందాక గయ్యిమన్న మనిషేనా ఇది? మోలుపె వ్యాను వైపు నాలుగడుగులు వేశాడు.

వెనక రాయి ఈడ్చిన చప్పుడైంది.

గిరుక్కున తిరిగాడు. మాపులెంగ్ వంగి, అతను పెట్టిన రాళ్ళను ఒక్కొక్కటే తీసుకుపోయి పది పన్నెండు అడుగుల పైకి పెడుతోంది. పిల్లిలా, చప్పుడు కాకుండా పెడదామనుకుంది గాని ఒక రాయి చెయ్యి జారింది.

"దొరికావు!" మోలుపె అరుపుకు కొండ కూడా అరిచింది. "అందరూ చూడండి! నా రాళ్ళు కదుపుతోంది! నేను పెట్టానంటారు, ఈవిడ పైకి జరుపుతుంది, బండి జారితే మోలుపెకు వయసైపోయిందంటారు! ఎవరు చెప్పారు నీకిలా చెయ్యమని? ఫోనులో ఏడ్చినవాడేనా? నా రాయి ఉన్నచోట పెట్టు!"

"న్తాతె, ఆగండి. అటు రావద్దు. మీ కాళ్ళకు దండం పెడతాను, రావద్దు."

ఎందుకు రావద్దు? అది పొడి రోడ్డు. తన కళ్ళతో చూసి వదిలేసిన రోడ్డు. మోలుపె తను రాళ్ళు పెట్టిన చోటు దాటి విసురుగా అడుగేశాడు. రెండో అడుగుకు కాలు కిందనుంచి భూమి తప్పుకుంది. వెల్లకిలా పడ్డాడు. పడ్డచోట ఆగలేదు, కంబళితో సహా మూరెడు మూరెడుగా లోయవైపు జారుతూ పోయాడు. మాపులెంగ్ బోర్లా పడుకుని కంబళి చెంగు దొరకబుచ్చుకుంది. ఇద్దరు మగవాళ్ళు వచ్చి ఆమె కాళ్ళు పట్టుకున్నారు. లోయ అంచు ఇంకా రెండు బారలుంది. రెండే.

లేచి కూర్చున్నాడు. ఎముకలేవీ విరగలేదు. అరచెయ్యి రోడ్డు మీద ఆనించాడు. నున్నగా, కొరికేసేంత చల్లగా ఉంది. చేతిని ఇటూ అటూ రాశాడు. చెయ్యి గడ్డ అంటోంది. కళ్ళు మాత్రం ఎంత చిట్లించినా రోడ్డే అంటున్నాయి. అక్కడినుంచే తను రాళ్ళు పెట్టిన పట్టీ వైపు చూశాడు. ఇప్పుడది పక్కకు జరిగి ఉంది. సూర్యుడితోపాటు జరిగింది. అది బండ కొన నీడ.

ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది. నవ్వితే తిట్టి ఉండేవాడు, తిడితే గుండె తేలికయ్యేది. పదమూడు మందీ అటు తిరిగి నిలబడ్డారు. బండకు వేలాడుతున్న మంచు ఊడల్ని చూపించుకుంటూ, ఈ ఏడు ఎంత పొడుగున్నాయో అని గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు. పెద్దమనిషి పడితే చూడనట్టుండడం ఇక్కడి మర్యాద. ఆ మర్యాద తన మీద మొదటిసారి పడినప్పుడు ఎంత బరువుంటుందో మోలుపెకు అప్పుడే తెలిసింది.

మాపులెంగ్ పక్కనే గొంతుక్కూర్చుంది.

"జూన్‌లోనూ ఇంతేనా?" అన్నాడు ఆమె వంక చూడకుండా.

ఆమె కాసేపు కంబళి అంచులు నలిపింది. "ఇంతే న్తాతె. రాళ్ళు నీడకు పడ్డాయి."

"సెకాకె సంఘంలో చెప్పాడా?"

"చెప్పలేదు. మీకు చెప్పగల నోరు స్టాండులో ఎవరికుంది? మీ ఇంటికి పోయాడు, మీరు లేనప్పుడు. మ్మే మాతెబెలోకు చెప్పాడు. ఆవిడ నా దగ్గరకు వచ్చింది. ఆ గదిలోనే కూర్చుని ఏడ్చింది. కళ్ళు చూపించుకోమంటే డాక్టర్లంతా దొంగలంటారట మీరు. మొగుణ్ణి పదిమందిలో గుడ్డివాణ్ణి చెయ్యలేను, మంచు మీద నెపం పెట్టి తిప్పి పంపు, నాలుగుసార్లైతే సంఘమే కిందిదారిలో వేస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు అంది. మీ వంతు ఎప్పుడో పొద్దున్నే ఫోను చేసి చెప్పేది."

"ఇందాక ఫోనులో..."

"ఆవిడే."

మోలుపె అనుమానమంతా నిజమే అయింది. గేటు తన ఒక్కడికే దిగింది నిజం. కుట్ర నిజం. అందులో సెకాకె ఉన్నాడన్నదీ నిజం. ఒక్కటే తప్పింది. ఇన్నేళ్ళుగా వాళ్ళందరూ తన దగ్గరనుంచి ఏదో పీక్కుపోతున్నారనుకున్నాడు గాని, తనకోసం ఇంతమంది ఇంత కష్టపడి అబద్ధమాడగలరని కలలో కూడా అనుమానించలేదు. మాతెబెలో మీద కోపం వచ్చింది, ఆ వెంటనే ఆమెను చూడాలనీ అనిపించింది.

పైనుంచి హారన్ వినపడింది. మంగళవారం పైకి పోయి, ఇవాళ తెల్లవారకముందే మొఖోత్లోంగ్ నుంచి బయల్దేరిన సెకాకె వ్యాను మలుపు తిరుగుతూ, మాపులెంగ్ జరిపిన రాళ్ళకు చాలా అవతలే ఆగింది. సెకాకె దిగి, కర్రతో పొడుచుకుంటూ, అంచు తప్పించి నడిచి వచ్చాడు. రోడ్డు మీద కూర్చున్న మోలుపెను చూసి గబుక్కున టోపీ తీశాడు.

"న్తాతె, దెబ్బ తగిలిందా?"

మోలుపె అతని చెయ్యి పట్టుకుని లేచాడు. లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు. జూన్‌లో నా రాళ్ళు తప్పా?"

సెకాకె మాపులెంగ్ వైపు చూశాడు. ఆమె నేలచూపులు చూస్తోంది. ప్రయాణికుల మాటలు ఆగిపోయాయి, ఎవరూ ఇటు తిరగలేదుగాని.

"రాళ్ళు సరిగ్గానే ఉన్నాయి న్తాతె," అన్నాడు సెకాకె. "నేనే తొక్కుకుంటూ వచ్చాను. మీరన్నట్టు నాకు గాడిదే సరి."

వాడి మొహం మోలుపెకు సరిగ్గా ఆనడం లేదు, అదీ పాలలో ముంచినట్టే ఉంది. ఆనాల్సిన అవసరం కూడా లేదు. జీవితమంతా ఉన్న అబద్ధాలూ లేని అబద్ధాలూ వెతికినవాడు, ఎదురుగా నిలబడి చెప్పిన అబద్ధాన్ని గుర్తుపట్టలేడా? పట్టాడు. పట్టి, ఈసారి దొరికావని అరవలేదు.

జేబులోంచి తాళాలు తీసి సెకాకె చేతిలో పెట్టాడు. ఆ తాళాలు ఇన్నేళ్ళలో ఇంకో చేతిలో పడలేదు.

"అవ్వను త్వరగా చేర్చు. అక్కడ బాలింత ఎదురుచూస్తోంది. మధ్యాహ్నంలోపల దాటెయ్యి. ముందు నీ బండిని గేటు దాకా తెచ్చిపెట్టు. నీవాళ్ళను అక్కడినుంచి నేను కిందికి దించుతాను, గేటు కింద గడ్డ లేదు."

"నేను... మీ బండినా న్తాతె?"

"మంగళవారం నా వంతు పుచ్చుకున్నప్పుడు ఇంత సిగ్గుపడలేదేం? పో."

సెకాకె నవ్వబోయి, నవ్వలేక, రెండు చేతులతో తాళాలు పట్టుకుని ముందు తన వ్యాను వైపు నడిచాడు. ప్రయాణికులు ఒక్కొక్కరే మోలుపె పక్కనుంచి పోయారు. మాంఖాబు అవ్వ మాత్రం ఆగి, అతని కంబళికి అంటిన మంచుపొడి దులిపి పోయింది.

మాపులెంగ్ గేటు రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఇందాకటినుంచీ దాన్ని తెరవలేదు.

"రాయవేం?" అన్నాడు మోలుపె.

"ఏం రాయమంటారు న్తాతె? మీ బండి దాటుతోంది కదా. ఇవాళ్టిది లెక్కలోకి రాదు."

"బండి కాదు, లెక్క డ్రైవరుది. నాలుగోది రాయి. మంచువల్ల వెనక్కి తిరిగాడని రాయి."

మాపులెంగ్ తలెత్తి ఆకాశం వంక చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు. కొండ నెత్తిన ఎండ కాస్తోంది. రిజిస్టరు తెరిచి, కలం నోటితో ఊది వెచ్చచేసింది.

"ఎంత మంచు అని రాయను?"

"చాలా రాయి మ్మే," అన్నాడు మోలుపె. "దారి కనపడనంత."